ఏ నూటికి?

మొన్న శనివారం రాత్రి అన్నం తిన్నాక ఏడో తరగతి పేపర్లు ముందేసుకుని కూర్చున్నాను. మొత్తం 34 పేపర్లు. అందులో ఆరో లెక్క నేను సొంతంగా ఇచ్చింది. "ఒక బడిలో పోయినేడు 250 మంది పిల్లలు ఉండేవారు. ఈ ఏడు 200 మంది ఉన్నారు. పిల్లలు ఎంత శాతం తగ్గారు?" జవాబు 20 శాతం. పదహారు మందికి వచ్చింది. పదమూడు మంది 25 శాతం అని రాశారు. ఇద్దరు 50 శాతం అన్నారు, ముగ్గురు ఖాళీగా వదిలేశారు.

50 అన్న ఇద్దరికీ శాతం అంటే ఏమిటో ఇంకా తెలియలేదు, వాళ్లకి మొదటి నుంచి చెప్పుకోవాలి. నన్ను ఆపింది ఆ పదమూడు పేపర్లు. ఆ పిల్లలకి తీసివేత వచ్చు, భాగహారం వచ్చు, వందతో గుణించాలని తెలుసు. 250 లోంచి 200 తీశారు, 50 వచ్చింది. దాన్ని 200తో భాగించి వందతో గుణించారు. చేసిన లెక్కలో ఎక్కడా పొరపాటు లేదు. కాకపోతే కింద 250 ఉండాల్సిన చోట 200 పెట్టారు, అంతే.

ఎర్రపెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించాను. ఆ 250, 200 అంకెలు నేను ఊరికే వేసినవి కావు. ఏడో తరగతికి శాతాలు చెప్పిన ప్రతి ఏడాదీ అవే వేస్తాను. వాటి వెనక మా నాన్న ఉన్నాడు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, మందస దగ్గర చిన్న పల్లె. ఉద్దానం అంటే కొబ్బరి, జీడి, పనస. మాకు కొబ్బరి తక్కువ, జీడితోటే ఆధారం. నేను పదో తరగతి చదివే రోజుల్లో, అంటే ఇప్పటికి పాతికేళ్ల కిందటి మాట, మా తోటలో ఏడు బస్తాల జీడిపిక్కలు వచ్చాయి. మా వైపు పిక్కల బస్తా అంటే 80 కిలోలు. బస్తా 2,500 పలుకుతున్న రోజున నాన్న వాటిని తీసుకెళ్లి పలాసలో ఒక వ్యాపారి గొడౌన్లో వేశాడు. డబ్బు తీసుకునే రోజుకి ఏ రేటు ఉంటే ఆ రేటు, అదీ మాట. వారం తిరక్కుండా నూటికి ఇరవై పడిపోయిందన్నారు. బస్తా 2,000 అయింది. నాన్న అమ్మనని ఆగాడు. ఇంకో నెలకి కబురొచ్చింది, పడిన ఇరవై శాతమూ మళ్లీ లేచింది, లెక్క సరి, వచ్చి డబ్బు తీసుకెళ్లమని.

నాన్న సంతోషంగా వెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని, రుమాల్లోంచి నోట్లు తీసి రెండుసార్లు లెక్కపెట్టాడు. 16,800. బస్తాకి 2,400 చొప్పున ఇచ్చారు. ఆయన లెక్క ప్రకారం 17,500 రావాలి.

"ఏటమ్మీ, నూటికి ఇరవై పోనాది, నూటికి ఇరవై వొచ్చినాది అన్నాడు. మరి బస్తాకి వంద ఎటు పోనాది?"

నాకూ వెంటనే తెలియలేదు. ఇరవై పోయి ఇరవై వస్తే సున్నాయే కదా అనుకున్నాను. నోటు పుస్తకం వెనక అట్ట మీద రాసి చూశాను. పాతికవందల్లో నూటికి ఇరవై అంటే 500. మిగిలింది ఇరవై వందలు. ఇప్పుడు ఈ ఇరవై వందల్లో నూటికి ఇరవై అంటే 400. రెండువేలకి నాలుగు వందలు కలిపితే 2,400. వ్యాపారి చేతి లెక్క సరిగానే ఉంది. 'లెక్క సరి' అన్న మాటే సరిగా లేదు.

నాన్నకి చూపించాను. ఆయన చదివింది అయిదో తరగతి. అట్ట మీద అంకెల్ని వేలితో తడుముతూ కాసేపు చూసి, "అంటే మొదటి నూరూ రెండో నూరూ ఒకటి కావన్నమాట" అన్నాడు. ఆ తర్వాత నేను డిగ్రీ చదివాను, బీఈడీ చేశాను, పద్దెనిమిదేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. శాతాల గురించి ఇంతకంటే సూటిగా చెప్పిన మాట నాకు దొరకలేదు. మర్నాడు ఆయన పలాస వెళ్లి అడిగాడు, డబ్బు రాలేదు. ఏడు బస్తాల మీద 700 రూపాయలు. ఆ రోజుల్లో మా ఇంట్లో అది నెల ఖర్చులో పెద్ద భాగం.

అందుకని ఆ పదమూడు పేపర్ల మీద ఇంటూ పెట్టలేదు. పక్కన ఇలా రాశాను: "ఇది ఇంకో ప్రశ్నకి సరైన జవాబు. ఆ ప్రశ్న ఏదో కనుక్కో." మార్కులు మాత్రం ఇవ్వలేదు, అది వేరే విషయం.

సోమవారం పిల్లల చేత పాత క్యాలెండర్లు తెప్పించాను. ఒక్కొక్కరూ 25 సెంటీమీటర్ల పొడవున ఒక పట్టీ కత్తిరించుకున్నారు. స్కేలుతో ఐదేసి సెంటీమీటర్లకి గీత గీయమన్నాను. ఐదు గళ్లు వచ్చాయి. పట్టీ మొత్తం 250 మంది పిల్లలు, ఒక్కో గడి 50 మంది. చివరి గడి చింపమన్నాను. చేతిలో నాలుగు గళ్ల పట్టీ మిగిలింది, బెంచీ మీద చింపిన ముక్క ఒకటి ఉంది.

"చింపక ముందు ఎన్ని గళ్లు?" అన్నాను. ఐదు. "ఐదింటిలో ఎన్ని పోయాయి?" ఒకటి. "ఐదుకి ఒకటి అయితే నూటికి ఎన్ని?" ఇరవై. ఇంతవరకూ అందరూ ఒకే గొంతుతో చెప్పారు. "సరే. ఇప్పుడు మీ చేతిలో ఉన్న పట్టీని మళ్లీ మొదటిలా చేయాలి. ఉన్నవి ఎన్ని?" నాలుగు. "కలపాల్సింది ఎన్ని?" ఒకటి. "నాలుగుకి ఒకటి అయితే నూటికి ఎన్ని?"

పాతిక అనే మాట రెండో వరసలోంచి వచ్చింది, ఆపైన క్లాసు ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయింది. ఆ క్షణం కోసమే నేను ఈ పాఠం చెప్తాను. బెంచీ మీద ఉన్న ముక్క అదే. చింపినప్పుడూ ఐదు సెంటీమీటర్లే, కలిపేటప్పుడూ ఐదు సెంటీమీటర్లే. చింపినప్పుడు దాన్ని ఐదు గళ్ల పట్టీ పక్కన పెట్టి చూశాం, కలిపేటప్పుడు నాలుగు గళ్ల పట్టీ పక్కన పెట్టి చూస్తున్నాం. 25 రాసిన ఒక అబ్బాయి తన పేపరు తీసి చూసుకుని, "అంటే నేను మళ్లీ పెరిగేది రాసీసేను టీచర్" అన్నాడు. అదే వాడు కనుక్కోవాల్సిన ప్రశ్న.

వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి ఉంది. ఎక్కువ మాట్లాడదు. పట్టీ ఇంకో గడి మడిచి చూసుకుంటూ, "నాలుగు గళ్లలో ఒకటి పోతే మూడుకి ఒకటి కలపాలి కదా టీచర్?" అంది. బోర్డు మీద వరసగా రాయించాను. ఐదో వంతు పోతే నాలుగో వంతు రావాలి. నాలుగో వంతు పోతే మూడో వంతు. మూడో వంతు పోతే సగం. సగం పోతే మిగిలినదానికి అంతకి అంతా రావాలి. అంటే నూటికి 20 తగ్గితే 25 పెరగాలి, 25 తగ్గితే 33 చిల్లర, 50 తగ్గితే ఏకంగా 100. పడేకొద్దీ లేవడం ఎంత కష్టమో ఆ వరసలోనే కనపడుతుంది. ఇది పుస్తకంలో లేదు. ఉండాలని నా కోరిక.

పుస్తకంలో ఉన్న సూత్రం మంచిదే. తగ్గినదాన్ని అసలు విలువతో భాగించి వందతో గుణించాలి. చిక్కంతా ఏది అసలు విలువో గుర్తుపట్టడంలో వస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పిల్లలకి ఒక అడ్డదారి చెప్పేదాన్ని. తగ్గుదల లెక్క అయితే రెండు సంఖ్యల్లో పెద్ద దాంతో భాగించెయ్యండి అని. తగ్గినప్పుడు పాతదే పెద్దది కాబట్టి జవాబు వచ్చేస్తుంది, పరీక్షలో మార్కులూ వచ్చేస్తాయి. తర్వాత పెరుగుదల లెక్కలొచ్చాయి. 200 ఉన్నది 250 అయితే ఎంత పెరిగింది అంటే అదే పిల్లలు మళ్లీ 250తోనే భాగించి 20 అన్నారు. నేను నేర్పిన అడ్డదారే వాళ్లని పక్కకి లాక్కెళ్లింది. అది నాకు తెలిసేసరికి రెండు బ్యాచ్‌లు దాటిపోయాయి. వాళ్లు గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇంకో చిక్కు మన మాటలోనే ఉంది. "ముందున్న సంఖ్యతో భాగించండి" అని చెప్పి చూశాను. ఒక కుర్రాడు చక్కగా 200తో భాగించాడు. ఎందుకురా అంటే, "ముందు ఉన్నది అదే కదా టీచర్, 250 వెనకది" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. తెలుగులో 'ముందు రోజు' అంటే నిన్న, 'ముందు ముందు' అంటే రేపు, ఎల్లుండి. నడిచేవాడికి ముందుండేది ఇంకా చేరని చోటు. వాడు అర్థం చేసుకున్నదీ న్యాయమే. అప్పటి నుంచి ఆ మాట మానేశాను.

చివరికి పనికొచ్చిన మాట 'అసలు'. పుస్తకంలో ఎప్పటి నుంచో ఉన్నదే, నేనే దాన్ని సరిగా పలకలేదు. అసలు, వడ్డీ అన్న మాటలు వినని పిల్లలు మా బడిలో లేరు. వాళ్ల అమ్మలు డ్వాక్రా సంఘాల్లో అసలెంత, వడ్డీ ఎంత అని నెలనెలా మాట్లాడుకుంటారు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఆ నూరు అసలులోంచి తీసిన నూరు అని ఏడో తరగతి పిల్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. "ఈ కథలో అసలు ఏది?" అని అడిగితే వేలు నేరుగా 250 మీదకి వెళ్తుంది. ఆ తర్వాత "ఏ నూటికి?" అని అడుగుతాను. ఇప్పుడు నేను అడగకముందే వాళ్లే ఒకళ్లనొకళ్లు అడుగుతున్నారు.

ఈ అలవాటు బడి దాటి ఇంటికి కూడా వెళ్లింది. నవంబరు చివర్లో ఒక పిల్ల తండ్రి సాయంత్రం గేటు దగ్గర ఆగాడు. పది క్వింటాళ్ల ధాన్యం కళ్లంలో ఉంది. తేమ చూస్తే 22 శాతం వచ్చింది. కొనుగోలుకి 17 దాటకూడదు, ఆరబెట్టి తెమ్మన్నారు. అయిదు శాతం ఆరాలి కాబట్టి వెయ్యి కిలోల్లో 50 పోతాయి, 950 ఉంటాయని ఆయన లెక్క వేసుకున్నాడు. రెండు రోజులు బరకాల మీద ఆరబోసి తూకం వేస్తే 940 వచ్చింది. తేమ సరిగ్గా 17 ఉంది. "పది కిలోలు ఎటు పోనాయి టీచరమ్మా? కాటాలో తేడా ఉందేటో అని మా గుంట మిమ్మల్ని అడగమంది" అన్నాడు.

పది కిలోలు ఎటు పోయాయి అనగానే నాకు నాన్న అరుగు మీద అడిగిన ప్రశ్నే మళ్లీ వినపడింది. అక్కడే గేటు పక్క గోడ మీద సుద్దముక్కతో రాశాను. వెయ్యి కిలోల తడి ధాన్యంలో నూటికి 22 నీళ్లు, అంటే 220 కిలోలు. మిగతా 780 గింజ. ఎండకి పోయేది నీళ్లే, గింజ 780 అలాగే ఉంటుంది. ఆరిన తర్వాత నూటికి 17 నీళ్లు, అంటే నూటికి 83 గింజ. ఆ 780 కిలోలు 83 వంతులైతే మొత్తం ఎంత? 780ని 83తో భాగించి వందతో గుణిస్తే 940కి పావుకిలో తక్కువ. కాటా బాగానే ఉంది. ముందు చెప్పిన 22 తడి ధాన్యంలోని నూటికి, తర్వాతి 17 ఆరిన ధాన్యంలోని నూటికి. రెండు వేరు వేరు నూర్లు కాబట్టి ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి ఆ అయిదుని కిలోల కింద మార్చుకోకూడదు. బరువులో తగ్గింది నూటికి ఆరు. ఆయన గోడ మీద అంకెల్ని ఫోన్‌తో ఫోటో తీసుకున్నాడు. ఎవరూ మోసం చేయని చోట మోసం జరిగిందన్న అనుమానం పోవడం చిన్న సంగతేం కాదు. నాన్నకి ఆ రోజు డబ్బు దక్కలేదు, ఈయనకి మనశ్శాంతి అయినా దక్కింది.

జీఎస్టీ మాట కూడా ఇలాంటిదే. 2025 సెప్టెంబర్ 22 నుంచి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది. ధర 13 శాతం తగ్గిందని చాలామంది అనుకున్నారు. పన్ను కలపకముందు వంద రూపాయలున్న సరుకు అంతకుముందు 118, ఇప్పుడు 105. తగ్గింది 13 రూపాయలు, అది 118 మీద లెక్క కడితే నూటికి 11. పన్నునే చూస్తే 18లో 13 పోయింది, అంటే పన్ను నూటికి 72 తగ్గింది. ఒకే 13 రూపాయలు, రెండు వేరు వేరు నూర్లు. ఆషాఢంలో శ్రీకాకుళం జీటీ రోడ్డు మీద బట్టల షాపుల ముందు వేలాడే "50 శాతం, ఆపైన 20 శాతం" బోర్డుల్ని కూడా మా పిల్లలు విప్పి చెప్పగలరు. వెయ్యి రూపాయల చీర 500 అయి, అందులోంచి వంద పోయి 400. మొత్తం తగ్గింది నూటికి 60, చాలామంది అనుకునే 70 కాదు.

సోషల్ మాస్టారు ఒక లెక్క అడిగారు, అది నాకు బాగా నచ్చింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు శ్రీకాకుళం జిల్లా మండలాలు 38 నుంచి 30 అయ్యాయి. పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస విజయనగరంలో కలిశాయి. 38లో 8 అంటే నూటికి 21. విజయనగరంలో 34 ఉండేవి, 11 మన్యానికి పోయాయి. పిల్లలు గబగబా 11ని 34తో భాగించి 32 శాతం తగ్గింది అన్నారు. మన దగ్గర నుంచి వెళ్లిన నాలుగూ వాళ్లకి కలిసాయి కదా అని గుర్తుచేస్తే, 34 కాస్తా 27 అయ్యాయి, తగ్గింది 7, నూటికి 20 చిల్లర. అసలు ఏదో పట్టుకున్నా, తగ్గింది ఎంతో కూడా జాగ్రత్తగా చూడాలని అక్కడ తెలిసింది.

ఇంకొకటి చెప్పాలి. ఇది క్లాసులో మొన్నటి దాకా ఎప్పుడూ చెప్పలేదు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. నేను ఊరు చేరడానికి రెండు రోజులు పట్టింది. రోడ్ల మీద చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. మా తోటలో 120 జీడిచెట్లు ఉండేవి. నేను వెళ్లేసరికి నాన్న పాత తువ్వాలు పీలికలు చేసి, నిలబడి ఉన్న చెట్లకి ఒక్కొక్కటి కడుతున్నాడు. మళ్లీ మళ్లీ లెక్కపెట్టి తప్పిపోతున్నానని, అందుకే కడుతున్నానని చెప్పాడు. కొన్ని చెట్లు వేళ్లతో సహా లేచి, వేళ్లకి ఎర్రమట్టి పట్టుకుని అలాగే పక్కకి వాలి ఉన్నాయి. వాటికి పీలిక కట్టాలా వద్దా అని ఆగి చూసేవాడు. చివరికి కట్టలేదు. 42 పీలికలు అయ్యాయి. 78 చెట్లు పోయాయి.

నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు శాతం ఎంత అన్నారు. పంట నష్టం 33 శాతమో, ఆపైనో ఉంటేనే పరిహారానికి లెక్కలోకి వస్తుంది. 120లో 78 అంటే నూటికి 65. నేనే చెప్పాను. వాళ్లు వెళ్లాక నాన్న అడిగాడు, "పోయినవి మళ్లీ రావాలంటే నూటికి ఎంత రావాలమ్మీ? అరవై ఐదు సరిపోదు కదా."

ఆయన ఆ పాఠం మరిచిపోలేదు. ఉన్నవి 42, రావాల్సినవి 78. 78ని 42తో భాగించి వందతో గుణిస్తే 186కి కాస్త తక్కువ. నూటికి నూట ఎనభై ఆరు. చెప్పడానికి నోరు రాలేదు గానీ చెప్పాను. ఆయన మిగిలిన పీలికలు చుట్టి జేబులో పెట్టుకుని, పడిపోయిన కొమ్మల మధ్య దారి చేసుకుంటూ ఇంటివైపు నడిచాడు. ఆ రాత్రి ఏమీ మాట్లాడలేదు. మరుసటి వానాకాలం నుంచి అంటుమొక్కలు తెచ్చి వేయడం మొదలుపెట్టాడు, ఏడాదికి ఎనిమిదో తొమ్మిదో, చేతిలో ఉన్న డబ్బుని బట్టి.

పేపర్లు దిద్దిన మర్నాడు, ఆదివారం, ఆయనకి ఫోన్ చేసి ఇప్పుడు తోటలో ఎన్ని ఉన్నాయని అడిగాను. "తొంభై ఆరు" అన్నాడు, తడుముకోకుండా.

సోమవారం పట్టీల పాఠం అయిపోయాక, బెల్లుకి పది నిమిషాలు ఉందనగా, బోర్డు మీద ఆ అంకెలు వేశాను. తుపానుకి ముందు 120 చెట్లు. ఇప్పుడు 96. ఎంత శాతం తక్కువ ఉన్నాయి? ఎవరి తోటో చెప్పలేదు. "ఏ నూటికి?" అని ముందు బెంచీ అడిగింది, "తుపాను ముందరి నూటికి" అని వెనక బెంచీ చెప్పింది. 24ని 120తో భాగించి 20 శాతం అన్నారు. ఈసారి ఒక్కరు కూడా 96తో భాగించలేదు.

వెనక బెంచీ అమ్మాయి మాత్రం రాసినది చూసుకుంటూ చెయ్యెత్తింది. "టీచర్, మొన్న వేసిన మొక్కల్ని కూడా చెట్ల కింద లెక్కెట్టేశారా?"

వాళ్లదీ జీడితోటే అని తర్వాత తెలిసింది, వజ్రపుకొత్తూరు వైపు వాళ్ల అమ్మమ్మగారి ఊరు. ఆ పూట నా దగ్గర జవాబు లేదు. కనుక్కుని చెప్తానన్నాను. సాయంత్రం నాన్నకి మళ్లీ ఫోన్ చేసి ఆ పిల్ల అడిగింది చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఎవులమ్మీ ఆ గుంట?" అన్నాడు. అడిగిన తీరు చూస్తే ఆ పిల్ల ఆయనకి నచ్చిందని తెలిసింది. "కాపుకొచ్చినవి చెప్పమంటే డెబ్బై రెండే. పాతవి నలభై రెండు, అంట్లు ముప్పై. మిగతావి ఇంకా నా నడుము వరకే ఉన్నాయి."

మంగళవారం పొద్దున్నే క్లాసుకి వెళ్లి, ముందురోజు చెరపకుండా ఉంచిన 96 మీద డస్టరు పెట్టి తుడిచి, అక్కడ 72 రాశాను. ఏం అనకుండా సుద్దముక్క ఆ అమ్మాయికి ఇచ్చాను. ఆమె 120 లోంచి 72 తీసింది, 48 వచ్చింది. కింద 120 వేసింది. 40 అని రాసి, పక్కనే చిన్న అక్షరాలతో 'కాపు చెట్లు' అని కూడా రాసింది.